చాకు కొనేముందు రివెట్టు చూడండి



మడత చాకు కొనడానికి దుకాణానికి వచ్చిన మనిషిని ఎప్పుడైనా గమనించారా? చాకు చేతికి రాగానే తెరుస్తాడు. బొటనవేలు పదును మీద అడ్డంగా ఆనించి చూస్తాడు. పిడి తిప్పి చూస్తాడు, రంగు చూస్తాడు. "స్టీలేనా? తుప్పు పట్టదు కదా?" అని అడుగుతాడు. దుకాణదారు "జర్మనీ స్టీలండీ" అంటాడు. ఇక బేరం మొదలవుతుంది. బ్లేడూ పిడీ కలిసే చోట ఉన్న చిన్న గుండ్రని లోహపు తల వంక ఇద్దరిలో ఒక్కరూ చూడరు.

ఈ ప్రసంగం ఆ తల గురించే. కొన్ని చాకుల్లో అది రివెట్టు, కొన్నింట్లో స్క్రూ. ఏదైనా అది చేసేది ఇరుసు పని. బ్లేడు దాని చుట్టూ తిరుగుతుంది, దాని మీదే ఆనుతుంది. వేలకు వేలు పోసి కొనే చాకుల సంగతి వేరు. మనం కొనే చవక చాకు రెండు నెలలు ఉంటుందో, మన తర్వాత పిల్లల చేతికి వెళుతుందో తేల్చేది ఆ ఇరుసే. పదును పోతే సానరాయి ఉంది. మొన విరిగితే ఆకురాయితో దిద్దుకోవచ్చు. పిడి చెక్క పగిలితే కొత్త చెక్క వేయించుకోవచ్చు. కానీ పిడిలో ఇరుసు దూరే రంధ్రం అరిగి కోలగా సాగిందా, బాగు చేయించడానికయ్యే కూలి డబ్బులకు కొత్త చాకే వస్తుంది.

ఇరుసులో వచ్చే తేడా కంటికి ఆనదు. అందుకే ఒక చిన్న లెక్క చెబుతాను. బ్లేడుకు రెండు పక్కలా ఇరుసు దగ్గర ఆనుకునే వాషరు 10 మిల్లీమీటర్ల వెడల్పు ఉందనుకోండి. అక్కడ 0.05 మిల్లీమీటర్ల సందు ఏర్పడింది. నోటుపుస్తకం కాగితం మందంలో సుమారు సగం. ఇరుసు నుంచి మొనకు 80 మిల్లీమీటర్ల దూరం ఉంటే, ఆ సందు మొన దగ్గరికి చేరేసరికి ఎనిమిది రెట్లయి 0.4 మిల్లీమీటర్ల ఊగు అవుతుంది. జామకాయ కోసేవాడికి అది తెలియకపోవచ్చు. పెన్సిలు చెక్కేవాడికీ, మామిడి అంటు కట్టేవాడికీ తక్షణం తెలుస్తుంది. లెక్కను తిరగేసి చూస్తే, ఆనిక ఎంత వెడల్పుగా ఉంటే మొన అంత తక్కువ ఊగుతుంది. కాబట్టి ఇరుసు దగ్గర బ్లేడు మొదలు వెడల్పుగా, కండతో ఉన్న చాకును ఎంచుకోండి. అక్కడ సన్నగా తెగినట్టుండి, ముందుకు పోయేకొద్దీ ఠీవిగా వెడల్పయ్యే బ్లేడు గాజు బీరువాలో బాగుంటుంది.

ఇది పక్కకు ఊగే సంగతి. కోసేటప్పుడు పైనుంచి పడే భారం ఇంకొకటి. బ్లేడు మధ్యలో, అంటే ఇరుసుకు 40 మిల్లీమీటర్ల దూరంలో, మనం అయిదు కిలోల బలంతో నొక్కామనుకుందాం. బ్లేడు ఇంకా వెనక్కి తెరుచుకుపోకుండా దాని మొదలు ఒక అడ్డుకు ఆనుకుంటుంది. ఆ అడ్డు ఇరుసుకు 8 మిల్లీమీటర్ల దూరంలోనే ఉంటుంది. అయిదు కిలోలు అక్కడ పాతిక కిలోలవుతాయి. ఇరుసు మీద కూడా కాస్త అటూ ఇటూగా అంతే పడుతుంది. మూడు మిల్లీమీటర్ల మందం ఉన్న ఒక్క చీల ఆ బరువంతా మోస్తోంది. రోజుకు ఎన్నిసార్లు మోస్తుందో మీ పనిని బట్టి మీరే ఊహించుకోండి.

మీ ఇంట్లో తాతల నాటి అడకత్తెర ఉంటే ఒకసారి బయటికి తీయండి. రెండు రెక్కల్ని కలిపేది ఒకే ఒక చీల. స్క్రూ లేదు, వాషరు లేదు, నట్టు లేదు. ఎండు వక్కను కత్తిరించాలంటే ఎంత బలం కావాలో తాంబూలం వేసే వాళ్ళకు తెలుసు. అయినా ఆ అడకత్తెర మూడు తరాలు పనిచేస్తుంది. వదులైతే కమ్మరి దగ్గరికి తీసుకెళ్ళేవారు. ఆయన దాన్ని దాగలి మీద పెట్టి, చీల తల మీద చిన్న సుత్తితో రెండు మూడు దెబ్బలు వేసి ఇచ్చేవాడు. అంతటితో సరి. పాతకాలపు మడత చాకు ఇరుసు కూడా అచ్చంగా ఇదే.

రివెట్టు కొట్టడం చూడటానికి తేలిక. బ్లేడు రంధ్రంలోంచీ, పిడి రెండు రేకుల్లోంచీ చీలను దూరుస్తారు. రెండు పక్కలా అర మిల్లీమీటరో, కాస్త ఎక్కువో బయటికి మిగులుతుంది. గుండ్రటి మూతి ఉన్న చిన్న సుత్తితో ఆ మిగిలిన కొసను చుట్టూ తిప్పుతూ కొడతారు. పెద్ద దెబ్బ వేస్తే చీల మధ్యలో ఉబ్బుతుంది, లేదా వంగుతుంది. అలాంటి చాకు తెరుస్తుంటే ఒకచోట బిగుసుగా, ఇంకోచోట వదులుగా తగులుతుంది. చిన్న దెబ్బలు చాలా పడితే కొస మాత్రమే విచ్చుకుని తలవుతుంది. నేర్పున్న పనివాడు కొట్టేముందు బ్లేడుకీ పిడి రేకుకీ మధ్య పల్చటి కాగితమో తగరపు ముక్కో పెడతాడు. రివెట్టు పూర్తయ్యాక దాన్ని లాగేస్తాడు. బ్లేడు స్వేచ్ఛగా తిరగడానికి కావలసిన సందు సరిగ్గా ఆ కాగితమంత మిగులుతుంది.

చీల దేనితో చేశారన్నది కూడా చూడాలి. మంచి చాకుల్లో చాలావాటికి ఇత్తడి చీల వేస్తారు. ఇత్తడి మెత్తన కదా, ఉక్కు వేస్తే బలం కదా అని మనకు తోస్తుంది. బ్లేడు గట్టిపరిచిన ఉక్కు. రెండూ రాసుకున్నప్పుడు ఏదో ఒకటి అరగక తప్పదు. అరిగేది చీల అయితే దాన్ని తీసేసి కొత్తది వేయొచ్చు. ఖరీదైన బ్లేడును కాపాడటానికి చవకైన చీల అరుగుతుంది. ఈ లెక్క వేసినవాడెవడో గానీ గట్టి బుర్ర ఉన్నవాడు.

ఇక అసలు చాకుల దగ్గరికి వద్దాం. చవకలో మన్నికైన మడత చాకుకు నేను మొదట చెప్పే పేరు ఒపినెల్. ఫ్రాన్సులో ఆల్ప్స్ పర్వతాల పక్క సవోయ్ ప్రాంతంలో జోసెఫ్ ఒపినెల్ అనే యువకుడు 1890లో దీన్ని మొదలుపెట్టాడు. 1897కల్లా 1వ నంబరు నుంచి 12వ నంబరు దాకా పన్నెండు సైజులు తయారయ్యాయి. అందరూ కొనేది 8వ నంబరు. దాని బ్లేడు ఎనిమిదిన్నర సెంటీమీటర్లు. మొత్తం చాకులో భాగాలు అయిదే అయిదు. బ్లేడు, చెక్క పిడి, పిడి మెడకు ఒక ఉక్కు పట్టీ, రివెట్టు, పట్టీ మీద తిరిగే ఇంకో ఉక్కు ఉంగరం. ఆ తిరిగే ఉంగరం 1955లో వచ్చింది, అంతకుముందు దానికి లాకు లేదు. ఉంగరం తిప్పితే దాని అంచు బ్లేడు మొదలుకు అడ్డం పడుతుంది. దాంతో బ్లేడు వేళ్ళ మీదికి మూసుకోదు.

ఒపినెల్ ఇరుసులో నాకు నచ్చింది ఆ మెడపట్టీ. రివెట్టు వట్టి చెక్కలోంచి పోతే చెక్క రంధ్రం కొన్నాళ్ళకే సాగిపోతుంది. ఇక్కడ రివెట్టు తలలు రెండూ ఉక్కు పట్టీ మీద కూర్చుంటాయి. భారం ఉక్కు మీద పడుతుంది, చెక్క దాన్ని చుట్టూ నింపి పట్టుకుంటుంది. ఇంత చవకలో ఇంతకన్నా తెలివైన ఇరుసు నేను చూడలేదు.

దీనికి ఒక చిక్కుంది, మన కోస్తావాళ్ళకు మరీను. పిడి బీచ్ చెక్క. తడి తగిలితే ఉబ్బుతుంది. శ్రావణ భాద్రపదాల్లో గోదావరి జిల్లాల గాలికి ఆ చెక్క రెండు పక్కల నుంచీ బ్లేడును నొక్కేస్తుంది. గోరు పెట్టి లాగినా బ్లేడు రాదు. సవోయ్ రైతులు దీనికో చిట్కా కనిపెట్టారు. లాకు ఉంగరం తెరిచి, పిడి తోకను బల్ల అంచుకు టక్కున కొడతారు. ఆ అదురుకు బ్లేడు కాస్త బయటికి వస్తుంది, దాన్ని పట్టుకుని తెరుచుకుంటారు. అంత శ్రమ వద్దనుకుంటే కొన్న కొత్తలోనే పిడికి, ముఖ్యంగా బ్లేడు కూర్చునే గాడి లోపల, అవిసెనూనె రెండు మూడు పూతలు పట్టించి ఆరబెట్టుకోవాలి. నీళ్ళ గిన్నెలో నానేయడం మాత్రం ఎన్నడూ చేయకండి.

రెండో పేరు మీకందరికీ తెలిసిందే. ఎర్ర పిడి మీద తెల్ల శిలువ గుర్తుండే స్విస్ చాకు. కార్ల్ ఎల్సెనర్ 1884లో స్విట్జర్లాండులోని ఇబాఖ్ అనే ఊళ్ళో పని మొదలుపెట్టాడు. 1891లో సైన్యానికి సరఫరా చేశాడు. 1897 జూన్ 12న తన 'ఆఫీసర్' చాకును రిజిస్టరు చేయించాడు. విక్టోరినాక్స్ పేరు తర్వాతి రోజుల్లో వచ్చింది. ఆ 1897 చాకు గొప్పతనం వీపు స్ప్రింగులో ఉంది. ఒకే స్ప్రింగు పిడికి రెండు వైపులా ఉన్న పరికరాలను నొక్కి పట్టుకుంటుంది. ముందువైపు బ్లేడు, వీపువైపు ఇంకో పనిముట్టు. లేకపోతే ఇంకా ఎక్కువ స్ప్రింగులు కావాల్సి వచ్చేది, చాకు లావయ్యేది.

ఈ రకం చాకులో లాకు ఉండదు. తెరిచినప్పుడు 'టక్' మని నిలబడేదీ, మూసినప్పుడు 'టప్' మని కూర్చునేదీ స్ప్రింగు బలం వల్లే. ఆ స్ప్రింగు పగలూ రాత్రీ బ్లేడు మొదలును నొక్కుతూనే ఉంటుంది. అంటే ఇరుసుకు సెలవు లేదు. అందుకే విక్టోరినాక్సులో చీలలు గట్టిగా, పొడుగ్గా, అన్ని పొరల గుండా సాగుతాయి. పొరల మధ్య అల్యూమినియం రేకులుంటాయి. ఎర్ర ప్లాస్టిక్కు పిడి తలల్ని కప్పేస్తుంది కాబట్టి రివెట్టు మనకు కనపడదు. అదే కంపెనీ అల్యూమినియం పిడితో చేసే చాకుల్లో మాత్రం తలలు బయటికే కనిపిస్తాయి. రెండిట్లో నేను దాని వైపే మొగ్గుతాను. ఇరుసును కళ్ళారా చూసుకోవచ్చు, పైగా పిడి ఊడదు.

ఈ ఎర్ర చాకుకు నకళ్ళు లెక్కలేనన్ని. బస్టాండుల్లో, జాతర్లలో, రైల్వేస్టేషను బయట పరిచిన గుడ్డ మీద అన్నీ ఎర్రగానే ఉంటాయి. పదకొండు పరికరాలు, కత్తెర, సీసామూత తీసేది, తాళంచెవి ఉంగరం, అన్నీ వంద రూపాయల చుట్టుపక్కల. పిడి చివర జాగ్రత్తగా చూస్తే కొన్నిటి రివెట్టు తల మధ్యలో గుంట కనిపిస్తుంది. అది గట్టి చీల కాదు, లోపల బోలుగా ఉన్న గొట్టం. చెప్పుల పట్టీకీ, బెల్టు రంధ్రానికీ వేసేలాంటిది. కాగితాలు కోసుకోవడానికి పనికొస్తుందేమో గానీ, తాటికాయ మీద పెట్టి నొక్కితే గొట్టం నలిగిపోతుంది. గొట్టం నలిగాక బ్లేడు ఎటు మళ్ళుతుందో చెప్పలేం.

జపాన్‌లో ఇంకా నిరాడంబరమైన చాకు ఒకటుంది, హిగొనొకామి. హ్యోగో రాష్ట్రంలోని మికి పట్నంలో చేస్తారు. పిడి అంటే ఒక ఇత్తడి రేకును మడిచిన ముక్క, అంతే. స్ప్రింగూ లేదు, లాకూ లేదు. బ్లేడు మొదలుకు వెనకవైపు ఒక చిన్న తోక ఉంటుంది. బొటనవేలితో ఆ తోకను నొక్కి పట్టుకుంటే బ్లేడు తెరుచుకుని ఉంటుంది. దాన్ని ఆపేది రివెట్టు బిగువూ, మన వేలూ, ఈ రెండే. ఒకప్పుడు అక్కడి బడిపిల్లలు పెన్సిళ్ళు చెక్కుకున్నది దీనితోనే. రివెట్టు వదులైందా, కింద గట్టి ఇనుపముక్క పెట్టుకుని తల మీద రెండు తట్లు తట్టుకుంటారు. అంత తెగింపు మన పిల్లలకు వద్దనే అంటాను గానీ, యంత్రంగా చూస్తే దాంట్లో చెడిపోవడానికి ఏమీ లేదు.

రివెట్టుల మాట చాలు. ఇప్పుడు వస్తున్న చాకుల్లో ఎక్కువ భాగం స్క్రూ ఇరుసువి. ఒక పక్క లోపల మర ఉన్న గొట్టం, రెండో పక్క దాంట్లోకి దిగే స్క్రూ. బ్లేడుకు రెండు పక్కలా రెండు వాషర్లు. దీని సుఖం ఏమిటంటే వదులైతే మనమే బిగించుకోవచ్చు, విప్పి కడుక్కోవచ్చు. కమ్మరి అక్కర్లేదు. సుఖమున్న చోటే చిక్కూ ఉంది. మనం బిగించే స్క్రూ దానంతటదే వదులవుతుంది కూడా. తెరిచి మూసిన ప్రతిసారీ బ్లేడు ఆ గొట్టాన్ని పిసరంత తిప్పాలని చూస్తుంది. మంచి తయారీలో ఆ గొట్టానికి ఒక వైపు చదును చేసి, పిడి రేకులో రంధ్రం కూడా అదే ఆకారంలో కొడతారు. అప్పుడది తిరగలేదు. ఈ ఒక్క చదును ఉందో లేదో కనుక్కోగలిగితే చాకు చేసినవాడి మనసు తెలిసినట్టే. విప్పకుండా తెలుసుకునే దారి ఒకటుంది. స్క్రూ తిప్పుతుంటే అవతలి తల కూడా దాంతోపాటు తిరిగితే చదును లేదని అర్థం.

వాషర్లలో కంచువీ, నైలానువీ ఉంటాయి. నైలానుది కొత్తలో చాలా నున్నగా జారుతుంది, దుకాణంలో మురిపిస్తుంది. కానీ మెత్తన. ఏళ్ళ తరబడి నొక్కుడుకు నలిగి పల్చనవుతుంది, ఇరుసు వదులవుతుంది. మనం బిగిస్తాం, ఇంకా నలుగుతుంది. కంచు వాషరు కొత్తలో కాస్త మొరాయిస్తుంది. నెల రోజులు వాడితే రెండు లోహాలూ ఒకదానికొకటి ఒదిగి, నూనె చుక్క పట్టుకుని చక్కగా తిరుగుతాయి. డబ్బు పెట్టేటప్పుడు కంచు ఉన్నదే చూసుకోండి.

ఇప్పుడు బేరింగుల గోల. వేలితో తట్టగానే బ్లేడు రివ్వున తెరుచుకునే చాకుల్లో వాషరు బదులు చిన్న చిన్న గుండ్లు ఉంటాయి. కుర్రాళ్ళకు ఇదంటే పిచ్చి. ఖరీదైన చాకులో దీన్ని తప్పుపట్టను. చవక చాకులో మాత్రం వద్దంటాను. వాషరు వెడల్పుగా ఆనుతుంది, గుండు ఒక చుక్క మీద ఆనుతుంది. దాని కింద ఉన్న పిడి రేకు గట్టిది కాకపోతే గుండ్లు అందులో గాడి చేసుకుంటాయి. పైగా జేబులోని నూలుపోగులూ దుమ్మూ గుండ్ల మధ్యకు చేరతాయి. రాయలసీమ వేసవిలో పొలం గట్టున తిరిగే మనిషి జేబులో ఎంత దుమ్ముంటుందో వేరే చెప్పాలా? ఆ గరగర మొదలైతే విప్పాల్సిందే, విప్పితే ఆవగింజంత గుండ్లు నేలమీద వెతుక్కోవాల్సిందే.

స్క్రూ చాకుల్లో ఇంకో సంగతి, పిడి లోపలి ఉక్కు రేకులు. ఇరుసు ఆ రేకుల్లోంచి పోతే భారం ఉక్కు మీద ఉంటుంది. రేకుల్లేకుండా వట్టి ప్లాస్టిక్కులోంచి పోయే చాకులూ ఉన్నాయి. గాజుపోగులు కలిపిన గట్టి నైలానుతో పేరున్న కంపెనీలు చేసినవి బాగానే నిలుస్తాయి. పేరూ ఊరూ లేని ప్లాస్టిక్కును నమ్మలేం. వీపు వైపు నుంచి లోపలికి చూస్తే రేకులు మెరుస్తూ కనిపిస్తాయి, ప్రశ్న అడగక్కర్లేదు.

అమెరికాలో 1964 నుంచి వస్తున్న బక్ 110 అనే వేటచాకు ఉంది. రెండు చివర్లా ఇత్తడి దిమ్మెలు, మధ్యలో చెక్క. రివెట్టును ఇత్తడిలో కొట్టి పైన నునుపు చేసేస్తారు, తల ఎక్కడుందో వెతుక్కోవాలి. ఇరుసు అంటే అదీ ఇరుసు. కానీ ఆ చాకు బరువు రెండు వందల గ్రాములు. లుంగీకి జేబుంటే చిరుగుతుంది, పంచెకు రొంటిన దోపుకుంటే జారిపోతుంది.

మనవాళ్ళలో ఈ ఇరుసు విలువ బాగా తెలిసినవాళ్ళు నర్సరీ పనివాళ్ళు. కడియం, కడియపులంక వైపు మొక్కల తోటల్లో అంటు కట్టేవాళ్ళ చేతులు చూడండి. మామిడి టెంక మొలకకు అంటు కట్టాలంటే, సయాన్ పుల్ల, అంటే పైన అతికించే కొమ్మముక్క, కొసను రెండు వైపులా నాలుగైదు సెంటీమీటర్ల ఏటవాలు కోతతో చీలిక ఆకారంగా చెక్కాలి. ఆ కోత ఒక్క గీతలో రావాలి, అద్దంలా చదునుగా రావాలి. బెరడు కింద ఉన్న పచ్చని పల్చటి పొర కింది మొక్క పొరతో ఆనుకుంటేనే అంటు అతుకుతుంది. ఇరుసు ఊగిందంటే కోతలో అల వస్తుంది. అల ఉన్న చోట సందు, సందు ఉన్న చోట గాలి. పుల్ల ఎండిపోతుంది. బ్లేడు ఎంత పదునుగా ఉన్నా ఆ అల పోదు. అందుకే అనుభవమున్నవాళ్ళు కొత్త చాకు తీసుకోగానే పదును చూడరు. సగం తెరిచి, మొన దగ్గర రెండు వేళ్ళతో పట్టుకుని అటూ ఇటూ కదుపుతారు. సగం తెరిచే ఎందుకంటే, పూర్తిగా తెరిస్తే స్ప్రింగో లాకో బ్లేడును పట్టేసి ఊగును దాచిపెడుతుంది. సగంలో ఉన్నప్పుడు బ్లేడుకు ఇరుసు తప్ప పెద్దగా వేరే దిక్కు లేదు, అక్కడ నిజం తెలిసిపోతుంది.

వాళ్ళ చాకులకు మామిడి సొన ఇంకో శత్రువు. ఆ సొన ఇరుసులోకి దిగి ఎండితే జిగురవుతుంది, ఉక్కును తింటుంది కూడా. సాయంత్రం పని అవగానే గోరువెచ్చటి నీళ్ళలో ముంచి, నీళ్ళలోనే నాలుగైదుసార్లు తెరిచి మూసి, తుడిచి ఆరబెట్టి ఇరుసులో ఒక చుక్క నూనె వేస్తే ఏళ్ళు వస్తుంది. స్విస్ చాకువాళ్ళు చెప్పేదీ ఇదే పద్ధతి. చెక్క పిడి చాకుకు మాత్రం నీళ్ళ ముంచుడు పనికిరాదు, తడిగుడ్డతో తుడవండి.

ఏ నూనె? ఇంట్లో చేతికందేది కొబ్బరినూనె. చలికాలంలో గడ్డకడుతుంది, వద్దు. వంటనూనె కొన్నాళ్ళకు జిగటగా మారుతుంది, అదీ వద్దు. కుట్టుమిషను నూనె మంచిది. పళ్ళూ కూరలూ కోసే చాకయితే మందుల షాపులో దొరికే లిక్విడ్ పారఫిన్ వేయండి. ఒక్క చుక్క చాలు. కారేంత పోస్తే దుమ్మును పిలిచినట్టే.

దుకాణంలో సగం తెరిచి కదపడం చెప్పాను కదా, దాంతోపాటు ఇంకొన్ని చూడండి. చాకు మూసి, వీపు కింద పెట్టి, గాడిలోకి వెలుగు పడేలా పట్టుకోండి. బ్లేడు రెండు రేకులకూ మధ్యలో ఉందా, ఒక పక్కకు ఒరిగిందా? స్క్రూ చాకు ఒరిగితే కొంత సర్దవచ్చు. రివెట్టు చాకు ఒరిగిందంటే రంధ్రం వంకరగా పడింది, లేదా చీల వంగింది. దాన్ని మీరు సరిచేయలేరు, ఆ దుకాణదారూ సరిచేయలేడు. తర్వాత నిదానంగా తెరవండి. బిగువు మొదటి నుంచీ చివరిదాకా ఒకేలా ఉండాలి, లేదా స్ప్రింగు ఉన్న చోట తెలిసేలా మారాలి. ఇసుక ఉన్నట్టు గరగరలాడకూడదు. రివెట్టు తల చుట్టూ పిడిలో వెంట్రుకంత బీట ఉన్నా పక్కన పెట్టేయండి. అది రేపు పెరుగుతుందే తప్ప తరగదు. పూర్తిగా తెరిచి, వేళ్ళు దారిలో లేకుండా చూసుకుని, బ్లేడు వీపు మీద మెల్లగా నొక్కండి. లాకు ఉన్నది ఏమాత్రం కదలకూడదు. దుకాణదారు విసుక్కుంటాడు. విసుక్కోనివ్వండి.

స్టీలు సంగతి అడుగుతారేమో. ఈ ధరలో వచ్చే స్టెయిన్‌లెస్ ఉక్కులన్నీ ఇంచుమించుగా ఒకటే. ఒకటి రెండు రోజులు ఎక్కువ పదును నిలుపుకుంటుంది, ఇంకోటి తొందరగా సాన పడుతుంది. దానికోసం రాత్రుళ్ళు నిద్ర మానక్కర్లేదు.

వదులైన రివెట్టును ఇంట్లో బిగించుకోవాలనుకునే వాళ్ళకొక మాట. కింది తల గట్టి ఇనుము మీద ఆనాలి, బ్లేడు సగం తెరిచి ఉండాలి, సుత్తి వంద గ్రాములు మించకూడదు. ఒక దెబ్బ వేసి, బ్లేడు తిప్పి చూసి, చాలకపోతేనే రెండోది. ఎక్కువైందంటే వెనక్కి తీసుకోవడం చాలా కష్టం. స్క్రూ చాకును కూడా పావు చుట్టు కాదు, అందులో సగం తిప్పి చూడండి. ఊరికే వదులైపోతుంటే మరలకు నీలం రంగు థ్రెడ్‌లాకరు జిగురు సూదిమొనంత రాయండి. నీలందే, ఎర్రది వద్దు. ఎర్రది పట్టిందంటే వేడిచేస్తే తప్ప విప్పలేరు.

ఇక ఏది కొనాలో నా మాటగా చెప్పమంటే ఇలా చెబుతాను. ఇంట్లో, ప్రయాణంలో, ఆఫీసులో పండు కోసుకోవడానికీ పార్శిలు విప్పడానికీ అయితే రెండు పొరల చిన్న స్విస్ చాకు. అల్యూమినియం పిడిది దొరికితే మరీ మంచిది. తోటపనికీ వంటకీ ఒపినెల్ 8వ నంబరు, అవిసెనూనె పట్టించాక. ఒక చేత్తో తెరిచే చాకే కావాలంటే కంచు వాషర్లు, ఉక్కు రేకులు, చదునున్న గొట్టం, ఈ మూడూ ఉన్న స్క్రూ చాకు. అంటు కట్టేవాళ్ళు అందుకోసమే చేసిన చాకు కొనుక్కోవాలి. మామూలు చాకుతో సరిపెట్టుకుంటే పుల్లలు పోతాయి.

మీట నొక్కితే ఎగిరి తెరుచుకునే బటన్ చాకుల జోలికి పోకండి. వాటి ఇరుసు నాణ్యత అలా ఉంచండి, చట్టం కూడా ఒప్పుకోదు కొన్నిచోట్ల. ఢిల్లీలో 1980 నాటి నోటిఫికేషను 7.62 సెంటీమీటర్లు, ఆపైన బ్లేడు ఉన్న స్ప్రింగు చాకుల మీదా, బటన్‌దార్ చాకుల మీదా, గరారీదార్ చాకుల మీదా ఆంక్షలు పెట్టింది. గరారీదార్ అంటే తెరుస్తుంటే కర్ర్‌మని చప్పుడు చేసేవి. స్పెయిన్ నవాహా చాకుల్లో కొన్నిటిలోనూ అలాంటి చప్పుడే వినిపిస్తుంది. బ్లేడు మొదలు మీద ఇరుసు చుట్టూ పళ్ళు కోసి ఉంటాయి, ఒక్కో పన్ను తగులుతూ పోతుంటే ఆ శబ్దం వస్తుంది. వినడానికి హుషారుగానే ఉంటుంది, పళ్ళు అరిగేదాకా. మామూలు జేబు చాకయినా విమానం ఎక్కేటప్పుడు చేతిసంచిలో ఉంచుకోవద్దు. కౌంటరు దగ్గర ఇచ్చే పెద్ద పెట్టెలో బట్టల మధ్య పెట్టండి. లేకపోతే తనిఖీ దగ్గర తీసి డబ్బాలో పడేస్తారు, మళ్ళీ చేతికి రాదు.